‘అక్కడేముంది మాస్టారూ?’ అని అడిగిన సిడ్నీ తెలుగు సంఘాల పెద్దలకు

సిడ్నీ నగరంలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు నమస్కారాలు.

నేను మీలో చాలామందికి తెలిసినవాడినే. పెండిల్ హిల్‌లో ఉంటున్న కూతురింటికి ఆరు నెలలకని వచ్చి, ఉగాది సభలో మూడో వరసలో కూర్చుని, మైకు సరిగ్గా పనిచేయడం లేదని రెండుసార్లు లేచి చెప్పిన ముసలాయనను. ప్రత్తిపాడు దగ్గర నాలుగెకరాల పత్తి చేను, ముప్ఫై మూడేళ్లు ప్రభుత్వ పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పిన అలవాటు, ఈ రెండూ ఉన్న మనిషి నోరు మూసుకుని కూర్చోవడం కష్టం. అందుకని ఈ లేఖ.

పోయిన నెల మీ సమావేశంలో తల్లిదండ్రుల విహారయాత్ర సంగతి వచ్చినప్పుడు నేను బర్క్ అనే ఊరి పేరు చెప్పాను. ఒకరు నవ్వారు. ఒకరు ఫోనులో మ్యాపు తెరిచి, వేళ్లతో సాగదీసి చూసి, ‘అక్కడేముంది మాస్టారూ, దుమ్ము తప్ప?’ అన్నారు. ఇంకొకరు ‘పెద్దవాళ్లు తట్టుకోలేరు’ అన్నారు. ఆ పెద్దవాళ్లం ఆరుగురం ఆ గదిలోనే ఉన్నాం. మమ్మల్ని ఎవరూ అడగలేదు. చివరికి తేలింది ఏమిటంటే హార్బర్‌లో పడవ, ఒపేరా హౌస్ ముందు ఫోటో, హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి, బ్లూ మౌంటెన్స్‌లో త్రీ సిస్టర్స్ అనే మూడు రాతి శిఖరాలు. ఆ ముగ్గురు అక్కచెల్లెళ్లను నేను ఇప్పటికి మూడుసార్లు చూశాను. వాళ్లు కదల్లేదు. స్వామివారి మీద నాకు ఫిర్యాదు లేదు. తిరుమలలో కంటే ఇక్కడే ఆయనను ఎక్కువసేపు చూడనిస్తారు. నా ఫిర్యాదు ఆ ‘అక్కడేముంది’ మీద. ఆ ప్రశ్న వేసినవారు జవాబు కోసం వేయలేదు, కాని నేను మాస్టారిని కనుక జవాబు చెబుతాను.

ముందు పేరు. ఇంగ్లీషులో రాసింది చూసి బౌర్కే అనకండి, బర్క్. సిడ్నీకి వాయవ్యంగా దాదాపు 800 కిలోమీటర్లు, డార్లింగ్ నది ఒడ్డున. రెండు వేల లోపు జనం. అందులో దాదాపు మూడో వంతు ఆదివాసులు. ఆస్ట్రేలియావాళ్లు మరీ మారుమూల చోటును ‘బ్యాక్ ఓ బర్క్’ అంటారు, అంటే బర్క్‌కు అవతల అని. మ్యాపు మీద మనిషి ఊహ ఆగిపోయేది అక్కడ అన్నమాట. మే నెలలో మా అల్లుడు కారు తీశాడు. మా ఆవిడ, అమ్మాయి, తొమ్మిదేళ్ల మనవడు, నేను. మొదటి రాత్రి డబ్బోలో ఆగాం. మర్నాడు నింగన్ దాటాక 200 కిలోమీటర్ల రోడ్డు స్కేలు పెట్టి గీసినట్టు పోయింది. అల్లుడికి నిద్ర రాకుండా నేను పక్కన కూర్చుని ఎక్కాలు అడిగాను. పదిహేడో ఎక్కం దగ్గర ఆయన కారు ఆపి, కాఫీ తాగి వస్తానన్నాడు.

బర్క్‌లో మేము ఒక రోజు యాత్రకు ముందే సీట్లు చెప్పుకున్నాం. చిన్న బస్సు, పదిహేనుమందిమి. పొద్దున ఊరు, మధ్యాహ్నం నుంచి గుండబూకా కొండ. బస్సు నడిపేది, కథ చెప్పేది, తలుపు తీసి చేయి పట్టుకుని దింపేది అన్నీ ఒక్కావిడే. అక్కడే పుట్టిపెరిగిన మనిషి, అరవై దాటి ఉంటాయి. మా ఆవిడ ఇంగ్లీషు ఆవిడకు రాదు, ఆవిడ ఇంగ్లీషు మా ఆవిడకు రాదు. అయినా సాయంత్రానికి ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి సమగ్రంగా మాట్లాడుకున్నారు.

రేవు, కోర్టు, వంతెన త్వరగా చెప్పేస్తాను. పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో ఈ నది మీద తెడ్డు చక్రాల ఆవిరి పడవలు నడిచేవి. చుట్టుపక్కల గొర్రెల క్షేత్రాల ఉన్ని మూటలు ఈ రేవుకే వచ్చేవి. 1885లో రైలు కూడా వచ్చింది. సముద్రానికి ఇంత దూరాన ఉన్న కోర్టుకు ఓడల తగాదాలు విచారించే అధికారం ఉండేదట. ఊరికి ఉత్తరాన 1883 నాటి వంతెన ఉంది. పడవ వస్తే దాని నడిమి భాగం పైకి లేచేది. రేవు దగ్గర పాత క్రాస్లీ ఆయిల్ ఇంజను ఒకటి మాకు నడిపి చూపించారు. ఆ ‘డుబ్... డుబ్...’ చప్పుడుకు మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. మా పెళ్లి నాటికి మా ఊరి రైసుమిల్లులో ఇలాంటి ఇంజనే ఉండేది. రెండు వీధుల అవతలికి వినిపించేది. అది ఆగిందంటే మధ్యాహ్నం భోజనం వేళ అయిందని లెక్క. బస్సులోని తక్కినవాళ్లు ఫోటోలు తీసుకున్నారు, మేమిద్దరం కాసేపు ఊరికి వెళ్లి వచ్చాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఊరి బయట బస్సు ఆగింది. నది పక్క నేల చూసి నేను కిందికి దిగకుండా ఉండలేకపోయాను. నల్లరేగడి! కాస్త బూడిద రంగు కలిసిన రేగడి, వేలు పట్టేంత నెర్రెలు. చేతిలోకి తీసుకుని నలిపాను. వాన పడితే చెప్పు వదలని నేల, ఎండితే చీలిపోయే నేల. నదికి దూరం జరిగితే అంతా ఎర్రనేల, ఇటుక పొడి చల్లినట్టు. మా గుంటూరు జిల్లాలో ఈ రెండు నేలల మధ్య ఎన్ని సంబంధాలు తప్పిపోయాయో నాకు తెలుసు. రేగడి ఉన్న ఇంటివాళ్లు ఎర్రచెలక ఇంటికి పిల్లనిచ్చేవాళ్లు కాదు. ఆ రేగడిలో పత్తి! ఏరే యంత్రం నడుస్తోంది. ముందు నుంచి కాయ ఊడ్చుకుంటూ పోతుంది, వెనక నుంచి మనిషి ఎత్తుకు మించిన గుండ్రటి కట్ట, పసుపు ప్లాస్టిక్ చుట్టుకుని, గుడ్డు పెట్టినట్టు జారి పడుతుంది. ఒక్కో కట్ట రెండు టన్నులకు తక్కువ ఉండదని గైడు చెప్పింది. అంటే ఇరవై క్వింటాళ్లు. మా చేను మంచి ఏడాది ఎకరానికి పది క్వింటాళ్లు ఇస్తే ఊళ్లో చెప్పుకుంటాం. నా రెండెకరాల పంట ఒక్క ‘గుడ్డు’. మా ఇంట్లో దాన్ని తీయడానికి పన్నెండుమంది ఆడవాళ్లు, మూడు తీతలు, వాళ్ల వేళ్లకు గీసుకున్న కాయ మొనలు. మా ఆవిడ యంత్రాన్ని చాలాసేపు చూసి ఒకటే అడిగింది. ‘మరి కూలీలు ఏం చేస్తున్నారు?’ అమ్మాయి ఆ ప్రశ్నను తర్జుమా చేసింది. గైడు నవ్వలేదు. బస్సు ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఒకప్పుడు కలుపు తీసే పనికి ఊళ్లో ఎందరు వెళ్లేవారో, ఇప్పుడు ఎందరు వెళుతున్నారో, మూతపడిన దుకాణాలు ఏవేవో చెప్పింది. ఆ పది నిమిషాల మాట ఆవిడ రోజూ చెప్పే పాఠంలో లేదని నా అనుమానం. ప్రశ్న బట్టి వచ్చింది.

పత్తి తర్వాత నీళ్లు. రైతు దగ్గర ఇంకేం వస్తుంది? కెప్టెన్ చార్లెస్ స్టర్ట్ అనే అన్వేషకుడు 1829 ఫిబ్రవరిలో, ఘోరమైన కరవులో, ఈ నదిని చేరుకున్నాడు. పశువులు, మనుషులు దాహంతో గట్టు దిగి నోట పోసుకుంటే నీళ్లు ఉప్పు! కరవుకు నది సన్నబడి, ఉప్పు ఊటలు కలిసి ఆ గతి. ఆయన దానికి అప్పటి గవర్నరు డార్లింగ్ పేరు పెట్టాడు. ఆ నదికి అప్పటికే బాకా అని పేరుంది, ఇప్పటికీ ఉంది. ఒడ్డున ఉన్న బాకింజీ ఆదివాసులు, అంటే ఆ నది తాలూకు మనుషులు, తమ పేరునే నది నుంచి తెచ్చుకున్నారు. మన దగ్గర కృష్ణమ్మ, గోదారమ్మ అని నదికి మనం పేరు పెడితే, అక్కడ నది మనుషులకు పేరు పెట్టింది.

పత్తికి ఎవరు ఎంత నీరు తోడుకోవాలి, దిగువకు ఎంత వదలాలి అని ఈ నదీ పరీవాహకంలో నాలుగు రాష్ట్రాల మధ్య జరిగే వాదన వింటుంటే నాకు విదేశంలో ఉన్నట్టే లేదు. మనకు 1973 నాటి బచావత్ ట్రిబ్యునల్, వీళ్లకు 2012 నాటి బేసిన్ ప్లాన్. బర్క్‌కు దిగువన మెనిండీ దగ్గర 2018 డిసెంబరు, 2019 జనవరి నెలల్లో లక్షలాది చేపలు తెల్లగా తేలిపోయాయి. కరవు అన్నవారు ఉన్నారు, ఎగువన పత్తికి తోడేశారన్నవారు ఉన్నారు. ‘మీరేమంటారు?’ అని గైడును అడిగాను. ‘ఈ ప్రశ్న రాత్రి బారులో మాత్రం అడగకండి’ అంది. నేను మందు ముట్టనని చెప్పాను. ‘అయితే సరే’ అని రెండు వైపుల మాటా చెప్పింది. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద చివరి భూముల రైతును నేను. రెండో వైపు మాట చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు కొంచెం మారిందని నాకు తెలిసింది. మీరు టికెట్టు కొనిచ్చే హార్బర్ పడవలో ఈ సంభాషణ దొరుకుతుందా?

తర్వాత శ్మశానం. ‘విహారయాత్రలో శ్మశానమా?’ అని మీలో కొందరు ముక్కు ముడుస్తారు. మా ఆవిడ కూడా ముడిచింది, ముందు బస్సు దిగనంది. అక్కడ ఒక మూల రేకులతో కట్టిన చిన్న మసీదు ఉంది. మన పొలంలో మోటారు షెడ్డు అంత. ఒంటెలతో సరుకు మోసిన ‘ఆఫ్ఘన్లు’ కట్టుకున్నది. పేరుకు ఆఫ్ఘన్లు గాని వాళ్లలో పెషావరు, బలూచిస్తాన్, సింధు, పంజాబు వైపు నుంచి వచ్చినవారు చాలామంది, అంటే అప్పటి మన దేశంవారే. ఒంటెలను కరాచీ రేవులో ఓడ ఎక్కించి తెచ్చారు. రైలు, లారీ రాని చోటల్లా ఈ దేశానికి ఉప్పు, పిండి, తంతి తీగలు మోసింది వాళ్లే. మనం ఇక్కడికి కంప్యూటర్లతో మొదట వచ్చామని అనుకుంటున్నాం, మనకంటే ముందు ఒంటెలతో వచ్చి ఇక్కడి మట్టిలోనే ఉండిపోయినవారు ఉన్నారు. వాళ్ల సమాధులు ఒక దిక్కుకు తిరిగి ఉన్నాయి. మా మనవడు అడిగాడు, ఎందుకని. మక్కా అటువైపు అని చెప్పాను.

అక్కడికి కాస్త దూరంలో పెద్ద రాయి, దాని కింద డాక్టర్ ఫ్రెడ్ హాలోస్. ఈ పేరు మీకు తెలిసే ఉంటుంది, ఆస్ట్రేలియాలో తెలియనివారు తక్కువ. నాకు తెలియదు. న్యూజిలాండ్‌లో పుట్టిన కంటి వైద్యుడు. 1970లలో బర్క్ ప్రాంతంలో ఆదివాసుల కళ్లు పరీక్షించాడు. 1976 నుంచి దేశమంతా తిరిగి, ఊరూరా శిబిరాలు పెట్టి లక్ష మందికి పైగా కళ్లు చూసిన బృందానికి ఆయనే నాయకుడు. ట్రకోమా అనే అంటు కంటి జబ్బుతో చూపు పోతున్న పల్లెలకు నీళ్లు, ఇళ్లు కూడా మందేనని గొంతు చించుకుని చెప్పినవాడు. తర్వాత ఎరిట్రియాలో, నేపాల్‌లో కంటి లెన్సుల కర్మాగారాలకు పునాది వేశాడు. అప్పటిదాకా పేదవాడు తాకలేని ధర ఉన్న ఆ చిన్న ప్లాస్టిక్ బిళ్ల పది డాలర్ల లోపుకు దిగింది. 1993లో కాన్సరుతో పోయేముందు నన్ను బర్క్‌లోనే పూడ్చండి అని అడిగాడు. సిడ్నీలో ఆయనకు చోటు లేకనా?

నాకు నిరుడు గుంటూరులో కుడి కంటికి శుక్లం తీసి లెన్సు వేశారు. పొద్దున వేశారు, సాయంత్రం ఇంటికి పంపారు. మా నాన్నకు ఇదే శుక్లం వచ్చినప్పుడు తీసేశారు గాని లెన్సు లేదు. సీసా అడుగు అంత మందం అద్దాలు ఇచ్చారు. పోయేదాకా ఆయన మా ముఖాలను ఆ అద్దాల్లో పెద్దవి చేసి చూశారు. అద్దాలు తీస్తే గుమ్మం ఎక్కడుందో తెలిసేది కాదు. ఆ రాయి దగ్గర నిలబడి నేను ఎడమ కన్ను మూసి కుడి కంటితో ఒకసారి చూశాను. యూకలిప్టస్ ఆకులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. బస్సు దిగనన్న మా ఆవిడ అప్పటికి దిగి, చెప్పులు విడిచి, రాయికి నమస్కారం పెట్టి వచ్చింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. మీరు తీసుకువచ్చే నలభైమంది తల్లిదండ్రుల్లో కనీసం పాతికమంది కళ్లల్లో ఆ బిళ్ల ఉంటుంది. లెక్క వేసుకోండి.

ఇక్కడ యాత్ర మీద ఒక విమర్శ కూడా రాయాలి, పొగడ్త ఒక్కటే రాస్తే మీరు నాకు కమీషను ఉందంటారు. పొద్దున చెప్పిన కథంతా స్టర్ట్ వచ్చాడు, 1835లో మేజర్ మిచెల్ కర్రల కోట కట్టి గవర్నరు బర్క్ పేరు పెట్టాడు, 1892లో హెన్రీ లాసన్ అనే రచయిత జేబులో ఐదు పౌన్లతో రైలు దిగాడు, ఇలా సాగింది. ఊరి చరిత్ర 1829లో మొదలైనట్టు. నేను కూడా తరగతిలో వాస్కోడిగామాతో కేరళ మొదలైనట్టు చెప్పినవాడినే కాబట్టి ఎక్కువ నిందించలేను. మధ్యాహ్నం ఆ లోటు తీరింది.

గుండబూకా పెద్ద కొండేమీ కాదు, సుమారు 500 మీటర్లు. కాని చుట్టూ కనుచూపు మేర బల్లపరుపు నేల కాబట్టి, అది అలా లేచి నిలబడితే ఎంత దూరం నుంచైనా దాని మీదికే చూపు పోతుంది. ఊరికి దక్షిణంగా గంట పైగా ప్రయాణం, కొంత మట్టి రోడ్డు. ఎర్రనేల మీద మల్గా చెట్లు. మన తుమ్మకు దూరపు చుట్టాలు, ఆ పొదుపు, ఆ మొండితనం చూస్తేనే తెలుస్తుంది. ఈమూలు ఒక గుంపు బస్సుతో పందెం వేసి, మధ్యలో విసుగు పుట్టి ఆగిపోయాయి. భోజనానికి ఆగిన చోటు పేరు డ్రై ట్యాంక్. అక్కడ నీళ్ల ట్యాంకు ఏదీ కనిపించలేదు. గైడును అడిగితే, ఈ ప్రాంతంలో ట్యాంకు అంటే వాననీళ్ల కోసం నేలలో తవ్విన కుంట అని చెప్పింది. నాకు కుర్చీలోంచి లేవాలనిపించింది. అది మన ట్యాంకే! మన దేశంలో తెల్లవాళ్లు చెరువును ట్యాంక్ అనడం నేర్చుకున్నారు, హైదరాబాదు ట్యాంక్‌బండ్‌లో ఉన్నది ఆ ట్యాంకే. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్‌కు, ఇక్కడ ఈమూలు నీళ్లు తాగే గుంటకు ఒకటే మాట. ఇది చెబితే గైడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది. రేపటి యాత్రలో చెబుతానంది. చూశారా, మా దగ్గరా చెప్పడానికి ఉంటుంది.

(పులిహోర సంగతి మీరు తప్పకుండా అడుగుతారు కాబట్టి: అవును, తీసుకువెళ్లాం. మోటెల్ గదిలో పొద్దున అయిదింటికి మా ఆవిడ కలిపింది. గైడు రెండుసార్లు వేయించుకుంది. పచ్చిమిరపకాయ పక్కన పెట్టాలని చెప్పడం ఆలస్యమైంది.)

మల్గోవన్ అనే చోట బొమ్మల గుహ. బస్సు దిగాక నడక పెద్దగా లేదు, కాని రాళ్లు, చిన్న వాగు ఉన్నాయి, చేతికర్ర ఉండాలి. ఆ రోజు మా కోసం ఙెంబా అనే ఆదివాసీ జనానికి చెందిన ఒక పెద్దాయన వచ్చారు. ముందు ఆ నేలకు, పెద్దలకు ఏదో చెప్పుకుని, తర్వాత మమ్మల్ని రమ్మన్నారు. మన ఊళ్లో పొలిమేర దాటేటప్పుడు పోలేరమ్మకు చెప్పుకున్నట్టే. రాతి కప్పు కింద జేగురు, తెలుపు రంగుల్లో చిన్న చిన్న మనుషులు వరసగా ఆడుతున్నారు. పక్షులు, జంతువులు, అరచేతుల ముద్రలు ఉన్నాయి. తాకవద్దన్నారు. ఆయన గొంతు పెంచకుండా మాట్లాడారు. ఈ బొమ్మల్లో కొన్నిటి అర్థం చెబుతాను, కొన్నిటిది చెప్పడానికి నాకు అనుమతి లేదు అన్నారు. ముప్ఫై మూడేళ్లు పాఠం చెప్పాను, ‘ఇది చెప్పకూడదు’ అనడం ఇంత మర్యాదగా నాకు రాలేదు.

ఇక్కడ మా మనవడి సంగతి చెప్పాలి. వాడు మీరే నడిపే ఆదివారం తెలుగు బడిలో అక్షరాలు నేర్చుకుంటున్నాడు. కార్లో వస్తూ నన్ను అడిగాడు, ‘తాతయ్యా, క ఖ గ ఘ తర్వాత ఙ ఎందుకు? దాంతో ఒక్క మాట కూడా లేదు కదా?’ నేను వాఙ్మయం అన్నాను. వాడికి నచ్చలేదు. అది వాడి మాట కాదు, నా మాట. గుహ దగ్గర ఆ పెద్దాయన తన జనం పేరు నిదానంగా పలికారు. తెల్లవాళ్లు ఆ పేరు మొదట ఎన్, జి రాసి, రెండూ కలిపి పలకలేక నానా తంటాలు పడతారు. ఆయన నోట అది శుద్ధమైన ఙ. మనవడు నా చేయి గుంజాడు. ‘తాతయ్యా, ఙ!’ అన్నాడు, గట్టిగానే. అందరూ తిరిగి చూశారు. అమ్మాయి సంజాయిషీ చెప్పబోతే ఆయన వాడిని దగ్గరికి పిలిచి మళ్లీ పలకమన్నారు. వాడు పలికాడు. ఇంకోసారి. ఆ తర్వాత వాడి చేత ఎర్రమట్టిలో పుల్లతో ఆ అక్షరం రాయించుకున్నారు. అప్పటిదాకా వర్ణమాలలో పడుకుని ఉన్న అక్షరం గుండబూకా కొండ కింద లేచి కూర్చుంది. ఇంటికి వచ్చాక నేను మా సాంఘికశాస్త్రం మిత్రులకు ఫోను చేసి చెబితే ఒకాయన నమ్మలేదు.

మా ఇద్దరినీ కిందే వదిలి అమ్మాయి, అల్లుడు, పిల్లవాడు లిటిల్ మౌంటెన్ అనే గుట్ట దాకా నడిచి వచ్చారు. కొండ సాయంత్రం ఎండలో ఇటుక రంగు నుంచి వంకాయ రంగుకు మారింది. అంతకంటే నేను వర్ణించలేను, మా ఆవిడ మాత్రం ‘పసుపు కుంకుమలు కలిపినట్టుంది’ అంది.

ఇక మీ అభ్యంతరాలు. ప్రమాదం అన్నారు. బర్క్ గురించి పేపర్లలో నేరాల కథలు చదివారు, దుకాణాలకు ఇనుప షట్టర్లు ఉన్నాయన్నారు. ఉన్నాయి, చూశాను. అదే ఊళ్లో 2013 నుంచి మరంగుకా అనే పని నడుస్తోందని కూడా చదవండి. ఆదివాసీ పెద్దలే ముందు నిలబడి, పిల్లలను జైలుకు పంపే డబ్బును పిల్లలు జైలు దాకా పోకుండా చూసే పనికి పెట్టాలని చేస్తున్న ప్రయత్నం. ఙెంబా భాషలో ఆ మాటకు ఇతరులను చూసుకోవడం అని అర్థం. మేము రెండు రాత్రులు ఉన్నాం. మాకు జరిగిన నష్టం ఒక్కటే, మా ఆవిడ చెప్పు వాగులో తెగింది. దూరం అన్నారు. డబ్బో దాకా రైలుంది, అక్కడి నుంచి బర్క్‌కు బస్సుంది, నలభైమంది అయితే మీరే ఒక బస్సు మాట్లాడుకోవచ్చు. గుంటూరు నుంచి షిర్డీకి, కాశీకి రాత్రింబవళ్లు రైళ్లలో కూర్చుని పోయిన మనుషులం, మీ కారు సీట్లో మాత్రం తట్టుకోలేమా? డాక్టరు కావాలన్నారు. బర్క్‌లో ఆసుపత్రి ఉంది. విదేశాల్లో చదివి వచ్చిన వైద్యులు పదేళ్లు పెద్ద నగరాలకు దూరంగా పనిచేయాలన్న నియమం వల్ల, ఇలాంటి ఊళ్లలో పనిచేసి వచ్చిన మన డాక్టర్లు మీ సంఘంలోనే ఉన్నారు. వాళ్లను అడగండి, ‘అక్కడేముంది’ అని.

మీరు మాకు చూపించేవన్నీ చూడటానికి తయారుచేసి పెట్టినవి. మేము చూస్తాం, బాగుంది అంటాం, మీరు ఫోటో తీస్తారు, మేము ఊళ్లో వాళ్లకు పంపుతాం. బర్క్‌లో మేము ప్రశ్నలు అడిగాం. రేగడి గురించి, కూలీల గురించి, నీళ్ల గురించి మీకంటే మేమే బాగా అడగగలం, ఎందుకంటే ఆ బతుకు బతికినవాళ్లం మేము. మీలో చాలామంది ఆ బతుకు నుంచి పిల్లలను తప్పించాలనే ఇంత దూరం వచ్చారు. తప్పు పట్టను, మా అమ్మాయిని పంపించింది నేనే. కాని ఆరు నెలలు పెండిల్ హిల్ ఇంట్లో టీవీ ముందు కూర్చున్న రైతుకు ఒక్క రోజు మళ్లీ రైతుగా ఉండే వీలు దొరికితే అది ఎలా ఉంటుందో మీకు తెలియదు. నాకు మే నెలలో తెలిసింది.

కాబట్టి నా కోరిక. ఆగస్టులో ఒక యాత్ర పెట్టండి. చలి ఉంటుంది, ఎండాకాలంలో అయితే అసలు వద్దు. రెండు రాత్రులు అక్కడే ఉండండి, మీ డబ్బు ఆ ఊళ్లో ఖర్చు కావాలి, అన్నీ సిడ్నీ నుంచి మూటకట్టుకుని వెళ్లి చెత్త మాత్రం అక్కడ వదిలి రావద్దు. పులిహోరకు మినహాయింపు ఇస్తున్నాను. గైడును అక్కడివారినే పెట్టుకోండి. ఙెంబా పెద్దలు వస్తే ముందుగా మాట్లాడి, వాళ్లకు ఇవ్వవలసినది బేరం చేయకుండా ఇవ్వండి. మన కార్యదర్శి గారికి ప్రత్యేకంగా: బస్సులో అంత్యాక్షరి పెట్టవద్దు, కనీసం కొండ దగ్గర. ఓపిక ఉన్నవాళ్లకు మూడో రోజు బ్రీవారినా అనే ఊరు ఉంది. తూర్పుగా 100 కిలోమీటర్లు, అక్కడ నదిలో చేపలు పట్టడానికి రాళ్లు పేర్చి కట్టిన పురాతనమైన అడ్డుకట్టలు ఉన్నాయి. మేము వెళ్లలేకపోయాం, అల్లుడికి సెలవు అయిపోయింది.

నా వీసా సెప్టెంబరు 14న ముగుస్తుంది. పేర్లు రాసుకునే రోజు చెబితే మొదటి రెండు సీట్లకు డబ్బు నేనే తెచ్చి ఇస్తాను. చూసినదాన్నే మళ్లీ చూడటానికి మా ఆవిడ ఒప్పుకున్న యాత్ర ఇదొక్కటే.

ఇట్లు,
ప్రత్తిపాడు మాస్టారు

తా.క.: ఈగలు! రాయడం మరిచాను. ముఖం మీద వాలి కళ్ల నీళ్లు తాగుతాయి. టోపీకి కట్టుకునే వల ఊళ్లో అమ్ముతారు, ఇక్కడే కొనకండి, అక్కడ కొనండి. మా ఆవిడది మా దగ్గరే ఉంది, నాది మనవడు చింపాడు.